వేర్లు కోసిన వెల్లుల్లి

ఫోన్లో అవతలివాళ్ళు అన్నది "తనిఖీ కోసం వస్తున్నాం" అని. ఇవతల అత్తగారి చెవిలో పడింది "తన అక్క కోసం వస్తున్నాడు" అని. అత్తగారి చెవుల తీరే అంత. అననిది చక్కగా వింటాయి, అన్నది మాత్రం వినవు. ఆవిడ ఫోను పెట్టేసి, కోడలి తమ్ముడు రేపు పొద్దున్నే వస్తున్నాడనీ, పాపం జలుబు చేసి గొంతు అచ్చం ఆడగొంతైపోయిందనీ, కషాయం కాచి ఉంచమనీ ఇల్లంతా చాటింపు వేసింది.

నమ్మకపోవడానికి ఎవరికీ కారణం కనపడలేదు, ఎందుకంటే తమ్ముడు నిజంగానే బయల్దేరాడు. ఆ తమ్ముడు రైతు. పోయిన వారం కథలో మనం అతన్ని పట్నంలో ఒక కిరాణా కొట్టులో, అతని మొహానికి ఎదురుగా అతన్నే నిలబెట్టి వచ్చేశాం. ఎదురుగా ఉన్నది అద్దం కాదు, వెల్లుల్లి సంచి. దాని మీద "నవ్వే రైతు" అని పేరు, "మన నేల, మన పంట" అని మాట, మధ్యలో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న అతని బొమ్మ.

ఆ బొమ్మ పుట్టిన నాడు అందులో అబద్ధం లేదు. రెండేళ్ళ కిందట పాయలు తవ్వుతూ బురదలో జారిపడి, తనని చూసుకుని తనే నవ్వుకుంటున్న తమ్ముణ్ణి అక్క ఫొటో తీసింది. అక్క మొగుడికి, అంటే రైతు బావకి, ఇంటిని ఆనుకునే సరుకులు సంచుల్లో కట్టి కొట్లకి వేసే షెడ్డు ఉంది. ఆయన ఆ నవ్వుని లేబుల్ చేశాడు. ఆ ఏడు సంచి మీద ఉన్నవాడే సంచి లోపల ఉన్నదాన్ని పండించాడు. మరుసటేడు వానకి పంట నేలలోనే కుళ్ళిపోయింది. రైతు నవ్వడం మానేశాడు, సంచి మీద కూడా మానేసే ఉంటాడనుకున్నాడు. ఈ ఏడు పంట బంగారంలా వచ్చింది. మార్కెట్టుకి తీసుకెళ్తే దళారి వింతగా చూసి, నీ సరుకే కొట్ల నిండా ఇంతకంటే చవగ్గా ఉంది కదయ్యా, మళ్ళీ దేనికి తెచ్చావన్నాడు. ఎవరి దగ్గరికెళ్ళినా అదే మాట. మార్కెట్టులో తిరుగుతుంటే ఎవరేం చెప్తారోనని భయపడ్డ బావ, పంటంతా తన షెడ్డుకి పంపించేయమన్నాడు, ఆరబెట్టి మంచి బేరం చూద్దామన్నాడు. రైతు పంపించాడు. ఆ తర్వాతే కొట్లో తనని తాను చూసుకున్నాడు. సంచి కొన్నాడు. ఏడాది కష్టం షెడ్డులో ఉంది, ఏడాది పరువు చేతిలో ఉంది. రెండూ కాపాడుకుందామని బయల్దేరాడు.

బామ్మర్ది వస్తున్నాడనగానే బావ చెయ్యాల్సిన పనే చేశాడు, కాకపోతే తల్లకిందులుగా చేశాడు. ఆయన భయమల్లా ఆ బొమ్మ గురించే. లేబుళ్ళ చుట్టలు, కట్టిన సంచులు, గోడకి తగిలించిన బోర్డు, అన్నీ ఓ మూలకి చేర్చి పైన టార్పాలిన్ కప్పించాడు. సముద్రం దాటి వచ్చిన వెల్లుల్లి గోనె సంచులు మాత్రం షెడ్డు నడుమ గోడకట్టినట్టు నిలువునా ఉన్నాయి. వాటి మీద ఎర్రటి పరాయి అక్షరాలు అరచేతంతేసి ఉన్నాయి. వాటినెవరూ కదల్చలేదు. బామ్మర్దికి ఆ అక్షరాలు ఎలాగూ చదవడం రాదు, రానివాడి ముందు పరదా దేనికని బావ లెక్క.

ఆ షెడ్డులో జరిగే పని చిన్నదే. గోనె విప్పుతారు, పాయలు గంపల్లో పోస్తారు, పైపొట్టు నలిపి ఊదుతారు, వల సంచిలో నింపి రైతు నవ్వు అతికిస్తారు. వెనకవైపు, చీమ కూడా కళ్ళజోడు పెట్టుకుంటే గానీ చదవలేని అక్షరాల్లో "ఇక్కడ ప్యాక్ చేయబడినది" అని ఉంటుంది. అది అబద్ధం అనడానికి లేదు. సంచి ఇక్కడిది, దారం ఇక్కడిది, జిగురు ఇక్కడిది, నవ్వు ఇక్కడిది. పాయ ఒక్కటే పరాయి.

పొద్దున్నే షట్టరు ఎత్తారు. వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. బావ గుమ్మానికి వీపు పెట్టి గంపలు సర్దుతున్నాడు. అడుగుల చప్పుడు విని వెనక్కి తిరక్కుండానే, రావయ్యా బామ్మర్దీ, మీ అక్క నీకోసం పొద్దున్నే లేచి కషాయం కాచింది, తాగి పడుకో, మిగతావి రేపు మాట్లాడుకుందాం అన్నాడు. జవాబుగా ఒక తుమ్ము వినపడింది. అది ఆడ తుమ్ము.

తిరిగి చూస్తే తనిఖీ అధికారిణి. మెడకి మఫ్లరు, చేతిలో రుమాలు, కళ్ళు మాత్రం జలుబు చెయ్యనివి. కషాయం ఇస్తే కాదననని, ముందు ఈ ఎర్ర అక్షరాల సంచులు ఏ దేశంనుంచి వచ్చాయో చెప్పమని అడిగింది. నిన్న ఫోన్ చేసి చెప్పే వచ్చామంది. అప్పుడు బావ తల తిప్పి తల్లి వైపు చూశాడు. అత్తగారు ఆ చూపుని మెచ్చుకోలు అనుకుని, జలుబు చేసిందని నేను ముందే చెప్పానా లేదా అంది.

అధికారిణి వచ్చిన పని ఒక్క ముక్కలో చెప్పింది. పట్నంలో ఏ కొట్టుకెళ్ళినా ఒకే రైతు నవ్వుతున్నాడు. ఒక్క పొలం ఇంతమందికి ఎలా పండిస్తోందో చూసి రమ్మన్నారు. బావ ఈ గోనెలు పచ్చళ్ళవాళ్ళవనీ, నిలవ ఉంచడానికి పెట్టి వెళ్ళారనీ, వాటికీ తనకీ మామిడికాయకీ ఉప్పుకీ ఉన్నంత సంబంధం కూడా లేదనీ చెప్పుకొచ్చాడు. ఆవిడ వింటూనే నడిచి వెళ్ళి టార్పాలిన్ కొస పట్టుకుని లాగింది. మూలంతా నవ్వే రైతులు. నిలబడి, పడుకుని, తల్లకిందులుగా, ఒకరి మీద ఒకరు పడి, వందల నోళ్ళతో నవ్వుతున్నారు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో నవ్వని రైతు నిలబడ్డాడు.

అధికారిణి బొమ్మలకేసీ మనిషికేసీ చూసింది. పోలిక పట్టడానికి ఆవిడకి కాసేపు పట్టింది, ఎందుకంటే బొమ్మకి పళ్ళున్నాయి, మనిషికి పెదాలు బిగుసుకుని ఉన్నాయి. రైతు లోపలికొచ్చి, తను కొన్న సంచి బల్ల మీద పెట్టి, ముడి విప్పాడు. అరవలేదు. బావ అరుపుకి సిద్ధంగా ఉన్నాడు, దానికి సమాధానాలు కూడా ఉన్నాయి ఆయన దగ్గర.

"ఇందులో నేనెక్కడున్నాను బావా?" అన్నాడు రైతు.

దానికి మాత్రం ఆయన దగ్గర సమాధానం లేదు. లేనప్పుడు మనిషి ఎక్కువ మాట్లాడతాడు. బావ కూడా మాట్లాడాడు. వ్యాపారం అంటే ఏంటో తెలుసా అన్నాడు. కొట్టువాడు సరుకు ఆగితే ఊరుకోడన్నాడు. జనం కొనేది వెల్లుల్లిని కాదు, నమ్మకాన్నన్నాడు. తానేం విషం కలపలేదు కదా, వెల్లుల్లి పేరు చెప్పి వెల్లుల్లే అమ్మాడు కదా అన్నాడు. చివరికి గొంతు తగ్గించి, ఇంట్లో మనిషితో మాట్లాడుతున్నట్టు అన్నాడు:

"నీ పంట ఒక ఏడు వస్తుంది, ఒక ఏడు రాదు బామ్మర్దీ. నీ నవ్వు ఏటా కాస్తుంది. నేనేం చెయ్యను?"

అత్తగారికి నవ్వు అన్న ముక్క ఒక్కటీ వినపడి, ఏదో సరదాగా మాట్లాడుకుంటున్నారని నవ్వింది.

అధికారిణికి ఇలాంటివి చూసి చూసి విసుగొచ్చినట్టుంది. కషాయం గ్లాసు అందుకుంటూ పద్ధతి చెప్పింది. ఎక్కడిదో చెప్పలేని సరుకు, తప్పుడు లేబుల్ వేసిన సరుకు షెడ్డులో ఒక్క పాయ కూడా మిగలదు. మధ్యాహ్నానికల్లా లారీ వస్తుంది, ఊరి బయట గోతిలో పోసి మట్టి కప్పేస్తారు. అంటే ఒక నేల కన్నదాన్ని ఇంకో నేల మింగుతుందన్నమాట, గోతి రూపంలో. రైతు మొహం చూసి ఆవిడ గ్లాసు కింద పెట్టింది. మీ సొంత పంట కూడా ఇక్కడే ఉందా అని అడిగింది. ఉందన్నాడు. అయితే చూపించండి, మీదని తేలినంత వరకు వదిలేస్తాను, అది మీరు పట్టుకెళ్ళి మీ పేరుతో మీరే అమ్ముకోవచ్చు, దానికెవరూ అడ్డం రారు అంది.

ఆ షెడ్డులోకి అడుగుపెట్టాక మొదటిసారి రైతు భుజాలు కిందకి దిగాయి. అదెంతసేపమ్మా అన్నాడు. వేరు చూస్తే చాలన్నాడు. ఆవిడ తలూపింది, ఆవిడకీ తెలుసు. సముద్రం దాటి రావాలంటే పాయకి మట్టి అంటుకుని ఉండకూడదు. మట్టితో ఏ పురుగు వస్తుందో, ఏ తెగులు వస్తుందో అని రేవులోనే ఆపేస్తారు. అందుకని అక్కడే అడుగున కత్తి పెట్టి వేర్లు గీకేసి, నున్నగా చేసి పంపుతారు. పక్క పొలంనుంచి పక్క ఊరికి వచ్చే పాయకి ఆ బాధ లేదు. దాని అడుగున బూడిదరంగు వేర్ల కుచ్చు, కుచ్చులో ఇంత మట్టి, అలాగే ఉంటాయి. అడుగు గీకితే పరాయిది, గడ్డం ఉంటే మనది. ఇంతకంటే తేలికైన పరీక్ష ఏ బడిలోనూ పెట్టరు.

రైతు మొదటి గంప దగ్గర కూర్చుని ఒక పాయ తీసి తిప్పాడు. నున్నగా ఉంది. పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. నున్నగా ఉంది. గంప పరాయిదనుకుని రెండో గంపకి జరిగాడు. అందులోనూ అంతే. మూడో గంపలో చెయ్యి అడుగుదాకా పోనిచ్చి పిడికెడు తీశాడు. పిడికెట్లో ఒక్కదానికీ వేరు లేదు. లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. గోడవారగా ఉన్న చివరి గంప దాకా వెళ్ళాడు. పాయలన్నీ చంటిపిల్లల అరిపాదాల్లా, ఎప్పుడూ నేలని తొక్కనట్టు, తెల్లగా ఉన్నాయి.

నా సరుకెక్కడ బావా అన్నాడు. బావ ఈసారి నిజంగానే తెల్లమొహం వేశాడు. నీది విడిగానే పోయించాను, నేను ముట్టుకోలేదు, నా పిల్లల మీద ఒట్టు అన్నాడు. ఆయన జీవితంలో చెప్పిన అరుదైన నిజాల్లో అదొకటి, కాబట్టి ఎవరూ నమ్మలేదు.

రైతు వేరుని వదిలేసి వాసన పట్టాడు. నొక్కి చూశాడు. రెబ్బ విడదీసి కొరికాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది వెల్లుల్లి ఘాటు వల్లేనని అక్కడున్న అందరూ మనసులోనే ఒప్పందానికి వచ్చారు. చివరికి ఒక పాయని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు బరువు చూశాడు. తను నాటి, కలుపు తీసి, వాన వస్తే పరిగెత్తి కాలవ తవ్విన పొలం అతని చేతికి తెలియదా?

"ఇది నాది," అన్నాడు.

"అది కాదు తమ్ముడూ," అంది అక్క.

ఆవిడ అంతవరకు వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో వంపు తిరిగిన చిన్న కత్తి ఉంది. ఆ కత్తితో వేర్లు గీకే పనికి షెడ్డులో గడ్డం గీయడం అని పేరు. పొద్దున్నే గోనె విప్పి ఆ గంపలో పోసింది నేనే, అది సముద్రం అవతలిది అంది. తర్వాత అడక్కుండానే మిగతాది చెప్పింది, అధికారిణికేసి కాదు, పాయలకేసి చూస్తూ.

"నీ లారీ దిగిన రోజు నీవి వాటి పక్కన పోశారురా. గడ్డాలు పెంచుకుని, మట్టి కొట్టుకుని, ఎవరూ లేనివాళ్ళలా ఉన్నాయి. పక్కనేమో అవి పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. కొనేవాడెవడైనా వస్తే నీవి చూసి మూతి తిప్పుతాడని భయమేసింది. నేనే గీశాను. పనివాళ్ళకి ఇస్తే లోతుగా కోసేస్తారని ఒక్కోటీ నేనే కూర్చుని గీశాను. ఆరబెట్టడానికి గంపలు చాల్లేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి కదా అని కలిపి పోశాను."

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు. వెల్లుల్లికి ఈ అక్క చేసిన మేలు పగవాడు కూడా చెయ్యడు. వేరు ఉన్నంతకాలం అవి వేరుగా ఉన్నాయి. వేరు పోయాక అన్నీ ఒక్కటే. ఇన్నాళ్ళూ పరాయి పాయకి రైతు మొహం తగిలించి మనది చేశారు, ఇప్పుడు రైతు పాయకి పరాయి అడుగు చెక్కి పరాయిది చేశారు. మొదటిదాన్ని మోసం అంటారు. రెండోదానికి పేరు పెట్టడం కష్టం, ప్రేమ అనాలి కాబట్టి.

అధికారిణి ఒకటికి రెండుసార్లు అడిగింది, ఏ గంపలోనైనా విడిగా ఉంచినవి, మర్చిపోయి గీయనివి ఏమైనా మిగిలాయేమోనని. అక్క లేవంది. మర్చిపోలేదంది. ఎక్కడైనా పొరపాటు చేసి ఉంటే ఈ రోజు తమ్ముడు బతికేవాడు. పొర మీద పొర తీసి చూసినా ఆవిడ పనిలో పొరపాటు లేదు.

లారీ వచ్చింది. పనివాళ్ళు గోనెలతోపాటు గంపలు కూడా మోయడం మొదలుపెట్టారు. రైతు ఎదురెళ్ళలేదు, అడ్డంగా కూర్చోలేదు. ఒక్కో గంప తన ముందునుంచి పోతుంటే, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని రైలు కిటికీల్లోకి చూసేవాడిలా చూస్తూ నిలబడ్డాడు. వాకిట్లో వీధి జనం చేరారు. వాళ్ళ చేతుల్లోకి సరుకేం రాకపోయినా కబురు మాత్రం లేబుల్ లేకుండానే చేరిపోతోంది.

ఇక సరుకు సంగతి తేలింది, మనిషి సంగతి తేలాలంది అధికారిణి. ఈ పేరుతో ఇకముందు ఎవరూ ఏదీ అమ్మకుండా నిషేధం పెడతారు, బాధ్యులెవరో రాయాలి. ఎవరిదీ లేబుల్ అని అడిగింది. బావ గొంతు సవరించుకున్నాడు. గోడవారనున్న నవ్వులకేసి చెయ్యి చూపించాడు.

"దాని మీద ఉన్నది నా మొహం కాదండీ," అన్నాడు.

అక్క మొగుడికేసి చూసింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆయన్ని చూస్తూనే ఉంది, కానీ సంచి వెనకవైపు చిన్న అక్షరాలు ఇప్పుడే చదివినట్టు చూసింది. కత్తి బల్ల మీద పెట్టింది. ఏదో అంది. చాలా మెల్లగా అంది.

"ఏంటమ్మా? గట్టిగా చెప్పు," అంది అత్తగారు.

"పోయినేడు వీడి పంట కుళ్ళినప్పుడు, కొట్లో అర ఖాళీగా ఉంచొద్దని చెప్పింది నేనే అత్తయ్యా."

"ఎవరు ఖాళీగా ఉన్నారు?"

అక్క ఊపిరి పీల్చుకుంది. ఇంకా గట్టిగా చెప్పింది. అత్తగారికి వినపడేంత గట్టిగా చెప్తే షెడ్డుకి వినపడుతుంది, లారీకి వినపడుతుంది, వీధి మలుపులో ఉన్నవాళ్ళకి వినపడుతుంది. ఆవిడ అన్నీ తెలిసే చెప్పింది. సరుకు లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని కొట్టువాడన్నాడు. చోటు పోతే తమ్ముడికి మళ్ళీ రాదు. అందుకని ఈ ఒక్క ఏడు దొరికిందేదో తెచ్చి వాడి సంచిలో పోసి ఉంచండి, వాడి పంట రాగానే తీసేద్దాం అని మొగుడి కాళ్ళావేళ్ళా పడింది ఆవిడే. ఆయన ముందు ఒప్పుకోలేదు కూడా. తర్వాత లాభం రుచి చూశాక ఆపలేదు, అంతే.

"బస్సులో కర్చీఫ్ వేసినట్టు వేశాను తమ్ముడూ, నువ్వు ఎక్కేదాకా సీటు ఆగుతుందని. ఇంతలోకి ఆ కర్చీఫే కూర్చుంటుందనుకోలేదు."

ఈసారి అందరికీ అర్థమైంది. అత్తగారికి కూడా అర్థమైంది. ఆవిడ నోటి మీద కొంగు పెట్టుకుంది. దళారి ఎందుకు వింతగా చూశాడో, కొట్టు కొట్టుకీ నీ సరుకే ఉందని ఎందుకన్నారో రైతుకి వరసగా అర్థమవుతూ వచ్చింది. అక్క అతనికోసం ఆపిన చోటు ఎంతగా నిండిపోయిందంటే, అందులో అతనికే చోటు లేదు.

అధికారిణి రుమాలు మడిచి జేబులో పెట్టుకుంది. మీ అక్క చెప్పింది విన్నానంది, కానీ మీ నోటినుంచి వినాలంది. మొదటేడు బొమ్మకి మీరు సరేనన్నారు. ఆ తర్వాత మీకు తెలియకుండా వాడారని ఒక్క మాట చెప్తే మీ పేరు మీకు మిగులుతుంది, వచ్చే ఏడు మీరు పండించుకుని అమ్ముకోవచ్చు, వీళ్ళిద్దరూ నాతో వస్తారు. తెలిసే జరిగిందంటే వీళ్ళు ఇంట్లో ఉంటారు, కానీ నేరం మీ పేరున రాస్తాను, ఇదంతా మీదే.

ఇదంతా మీదే. పొద్దుట్నుంచీ ఒక్క పాయనైనా నాదని రుజువు చెయ్యలేకపోయినవాడికి ఇప్పుడు గోనెలు, గంపలు, లారీ నిండిన సరుకు, గోడవారనున్న నవ్వులు, అన్నీ కలిపి ఇస్తున్నారు.

అక్క తల అడ్డంగా ఊపుతోంది, వద్దని. ఏది వద్దంటోందో తెలియలేదు. బావ నేల చూస్తున్నాడు. రైతు బొమ్మకేసి ఒకసారి, కత్తికేసి ఒకసారి చూసి నోరు తెరిచాడు.

ఈసారైనా ఒక్క అక్షరం పోకూడదని, అత్తగారు చెవి వెనక చెయ్యి అడ్డం పెట్టుకుంది.